గారెల తలుపులమ్మకు ఆరువందల పన్నెండు ఇళ్ళు

గోదావరి ఒడ్డున కోనరేవులో, ఖాళీ గడి కనిపిస్తే చాలు కడుపులో తిప్పే దివాకరం అనే అధికారి ఒకాయన ఉండేవాడు. నేను వేళాకోళానికి అనడం లేదు, నిజంగానే తిప్పేది. ఆదివారం పేపర్లో పదాల గళ్ళు వస్తాయి కదా, వాటిని ఆయన కాఫీ చల్లారేలోగా నింపేసేవాడు. చూసినవాళ్ళు అబ్బో ఎంత తెలివో అనుకునేవారు. ఆయన భార్య కనకవల్లికి మాత్రం అసలు సంగతి తెలుసు.

ఒకసారి ఆవిడ పేపరు తీసి చూసింది. "ఇదేమిటండీ, ఇంట్లో గూడు కట్టుకునే పిట్ట, మూడక్షరాలు అని అడిగితే గుమ్మడి అని రాశారు?" అంది.

"గళ్ళు మూడు, అక్షరాలు మూడు. ఎక్కడైనా ఖాళీ ఉందేమో చూపించు!" అన్నాడు దివాకరం.

"ఖాళీ లేదు, సరే. పిట్ట కూడా లేదు కదా!" అంది ఆవిడ.

దివాకరం ఆ మాట వినిపించుకోలేదు. పేపరు మడిచి, హాయిగా నిట్టూర్చి స్నానానికి వెళ్ళాడు. ఇంట్లో ఇలా చేస్తే ఎవరికీ నష్టం లేదు, నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆయన ఆఫీసులో కూడా ఇలాగే ఉండేవాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయనది వరద కబురు ఆఫీసు. గోదావరి మధ్యలో లంకలుంటాయని మీరు వినే ఉంటారు. నది తెచ్చి పోసిన మట్టి మీద ఏర్పడిన ఊళ్ళవి. నేల బంగారం, పంటకు కొదవ లేదు. ఒక్కటే భయం, వానాకాలంలో పైనుంచి నీళ్ళు వదిలితే లంకలు మునుగుతాయి. అందుకని లంకల్లో ఉన్న ప్రతి ఇంటి వివరాలూ కంప్యూటర్లో ఎక్కించి పెట్టారు. మొత్తం ఇరవై రెండు లంకలు, నాలుగు వేల పైచిలుకు ఇళ్ళు. యజమాని పేరేమిటి, ఇంట్లో ఎంతమంది, ముసలివాళ్ళెందరు, పశువులెన్ని, ఫోన్ నంబరెంత, అన్నిటికీ గళ్ళున్నాయి. వరద వస్తోందంటే ఆఫీసులో ఒక్క మీట నొక్కడమే. ఇంటింటికీ ఫోన్ మోగుతుంది. అందులో దివాకరం గొంతు పలుకుతుంది. ఆ గొంతు గంభీరంగా రావాలని ఆయన పదిహేడు సార్లు చెప్పి రికార్డు చేయించాడు.

ఏర్పాటు ఎంత బాగుందో చూశారా! నేనైనా మెచ్చుకుంటాను. అయితే ఆ గళ్ళలో రాసినది నిజమో కాదో చూసేవాళ్ళెవరు? దివాకరమే. ఆయన చూసే పద్ధతి ఒకటుండేది. ప్రతి శుక్రవారం సిబ్బందినందరినీ కూర్చోబెట్టి, పట్టికను గోడ మీద పెద్దగా వేయించేవాడు. నిండిన గడి పచ్చగా, ఖాళీ గడి ఎర్రగా కనిపించేది. అప్పుడాయన కుర్చీ వెనక్కి జరుపుకుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు. కళ్ళజోడు లేకపోతే ఆయనకు అక్షరాలు కనిపించవు, రంగులే కనిపిస్తాయి. ఆయనకు కావలసినవి కూడా రంగులే. అంతా పచ్చగా ఉన్నవాళ్ళకు ఆ నెలాఖరున శాలువా. ఎర్రగా ఉన్నవాళ్ళకు అందరి ముందూ చీవాట్లు.

ఆ ఆఫీసులో వీరమణి అనే ఉద్యోగిని ఉండేది. ఆవిడకు నోరు కాస్త పదును, నడక ఇంకా పదును. కొంగలంక ఆవిడ వంతు. అక్కడ తొంభై నాలుగు ఇళ్ళుంటే ఎండనక వాననక అన్ని గడపలూ ఎక్కి దిగింది. తీరా శుక్రవారం వచ్చేసరికి ఆ ఇళ్ళన్నిటికీ ఫోన్ గడి ఎర్రగా ఉంది.

దివాకరం కడుపు పట్టుకున్నాడు. "ఏమిటమ్మా ఇది? కొంగలంకకు తట్టు పోసినట్టుంది!" అన్నాడు.

"వాళ్ళకు ఫోన్లు లేవు సార్. ఉన్న ఒకరిద్దరికీ గట్టెక్కితే గానీ సిగ్నలు అందదు. లేనిది ఎలా రాయమంటారు?" అంది వీరమణి.

"మిగతావాళ్ళకు ఎలా దొరికాయి? మన సత్తిపండును చూడు. నాలుగు లంకలు, ఒక్క ఎర్రచుక్క లేదు!"

వెనక వరసలో కూర్చున్న సత్తిపండు సిగ్గుపడుతూ చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

"నా అనుమానమూ అదే సార్. వందకో పది ఇళ్ళు తీసుకుని ఫోన్ చేసి చూడండి. అవతల ఆ ఇంటి మనిషే పలుకుతున్నాడో లేదో తేలిపోతుంది."

"నిండుగా ఉన్నదాన్ని మళ్ళీ చూడటమేమిటి? ఖాళీగా ఉన్నదాన్ని చూడాలి గానీ!"

"నిండుగానే ఉంది సార్. దేంతో నిండిందో చూడమంటున్నాను."

దివాకరానికి కోపం వచ్చింది. పదిమందిలో ఎదురు చెబితే ఎవరికి రాదు? వీరమణిని తపాలా బల్ల దగ్గర ఉత్తరాలకు ముద్రలు కొట్టుకొమ్మని వేసి, కొంగలంకను సత్తిపండుకు అప్పగించాడు. సాయంత్రానికి కొంగలంక వరిచేను లాగా పచ్చబడింది. నెలాఖరుకు సత్తిపండు మెళ్ళో శాలువా పడింది. వీరమణి ఆ పూట ముద్రలు కాస్త గట్టిగానే కొట్టింది. తను లంకలో రాసుకున్న నోటుపుస్తకాన్ని మాత్రం పారెయ్యకుండా సొరుగులో పెట్టుకుంది.

ఇంతకీ సత్తిపండు ఏం మాయ చేశాడు? చెబుతాను. రేవులో తలుపులమ్మ అనే ఆవిడ గారెల బండి ఉండేది. లంకలకు వెళ్ళే పడవ రెండు గంటలకొకటి. అది వచ్చేదాకా ఎవరైనా తలుపులమ్మ బల్ల మీద కూర్చోవాల్సిందే. ఒకరోజు సత్తిపండు గారె తింటూ ఆ బల్ల మీద గళ్ళు నింపుతున్నాడు. ఎండ మండిపోతోంది, పడవ రాలేదు. ఫోన్ గడి దగ్గర చెయ్యి ఆగింది. సున్నాలు కొడితే కంప్యూటరు ఒప్పుకోదు, దానికి పది అంకెల నిజమైన నంబరు కావాలి. తల ఎత్తి చూస్తే ఎదురుగా బండికి బోర్డు. "ఆర్డరుపై గారెలు, బూరెలు వేయబడును. తలుపులమ్మ" అని, కింద జానెడేసి అంకెల్లో ఫోన్ నంబరు. అంతే! వేలు దానంతట అదే కదిలింది. గడి పచ్చబడింది. ఇంకో ఇల్లు, మళ్ళీ అదే నంబరు. మళ్ళీ పచ్చ.

సత్తిపండు ఒక్కడేనా? కాదు. ఆ ఆఫీసులో ఇంకో ముగ్గురు కూడా అదే బల్ల మీద కూర్చుని, అదే చట్నీ నంజుకుంటూ, అదే బోర్డు చూసి, ఒకరికి తెలియకుండా ఒకరు ఇదే పని చేశారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. బద్ధకం కొంత, శుక్రవారం చీవాట్ల భయం కొంత. పాపం తలుపులమ్మకు ఈ గొడవేదీ తెలియదు. గారెలు అమ్ముకుంటూ కూర్చున్న మనిషి పేరున కంప్యూటర్లో వందలకొద్దీ ఇళ్ళు పోగుపడ్డాయి.

తలుపులమ్మకు ఒక కూతురుంది, పేరు పైడమ్మ. కొంగలంకలోనే కాపురం. అప్పటికి ఆ పిల్లకు నిండు నెలలు. వచ్చే బుధవారం మంచిదని పంతులు గారు చెబితే, ఆ రోజు పుట్టింటికి తీసుకురావాలని తలుపులమ్మ ఎదురుచూస్తోంది. కూతురికి కొనిచ్చిన ఫోన్ గేదెల కుడితి తొట్టిలో పడి పాడైపోయింది. బుధవారం ఎంతో దూరం లేదు కదా, వచ్చాక బాగు చేయిద్దామనుకుంది.

కానీ బుధవారం కంటే ముందు సోమవారం వస్తుంది కదా! ఆ సోమవారం పొద్దున్న పది గంటలకు ఎగువ నుంచి కబురొచ్చింది. నీళ్ళు వదిలారు, సాయంత్రం ఐదింటికల్లా లంకలు మునుగుతాయి. దివాకరం తొణకలేదు, బెణకలేదు. చొక్కా సర్దుకుని, అందరూ చూస్తుండగా మీట నొక్కాడు. గోడ మీద పట్టిక వెలిగింది. జాబితాలో మొదటిది కొంగలంక. ఒక్కో ఇంట్లో ఫోన్ ఎత్తగానే ఆ పేరు పక్కన పచ్చదీపం వెలగాలి. వెలిగింది. ఇంకోటి వెలిగింది. మరోటి వెలిగింది.

"చూశారా, మొదటి రింగుకే ఎత్తుతున్నారు! మన లంకల జనం ఎంత చురుకో!" అని దివాకరం చప్పట్లు కొట్టాడు. అందరికీ కాఫీ తెప్పించాడు. సత్తిపండు మాత్రం కాఫీ ముట్టలేదు.

అవతల రేవులో తలుపులమ్మ ఒక వాయి నూనెలో వేసి, రెండో వాయికి పిండి తట్టుతోంది. ఫోన్ మోగింది. పిండి చేత్తోనే ఎత్తింది.

"నమస్కారం. ఇది వరద హెచ్చరిక. సాయంత్రం ఐదు గంటలకు మీ లంక మునుగుతుంది. వెంటనే ఒడ్డుకు రండి," అంది ఒక గంభీరమైన గొంతు.

"నేను ఒడ్డునే ఉన్నాను బాబూ," అని తలుపులమ్మ పెట్టేసింది. వెంటనే మళ్ళీ మోగింది. "చెప్పాను కదయ్యా, ఒడ్డునే ఉన్నానని!" మళ్ళీ మోగింది. "నీకేమైనా చెముడా నాయనా?" మళ్ళీ మోగింది. గారెలు మాడిపోయాయి. బల్ల మీద కూర్చున్నవాళ్ళతో పాటు ఆవిడా పడీపడీ నవ్వింది. పదిసార్లయింది, ఇరవై సార్లయింది. ఇరవై మూడోసారి ఆ గొంతు "మీ లంక మునుగుతుంది" అన్నప్పుడు తలుపులమ్మ నవ్వు ఆగిపోయింది. నది వైపు చూసింది. దూరంగా కొంగలంకలో పొయ్యి పొగలు లేస్తున్నాయి. ఎవరో గేదెలను కడుగుతున్నారు. ఒడ్డుకు ఒక్క పడవా రావడం లేదు.

"అయ్యో, నా పిల్ల! ఈ కబురు నాకు చెబుతున్నారు గానీ వాళ్ళకు చెప్పలేదు!" అంది. పొయ్యి ఆర్పింది. కూతురికి కబురందలేదన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతుంటే, ఒక చేతిలో మోగే ఫోన్, ఇంకో చేతిలో చిల్లుల గరిటెతో వరద కబురు ఆఫీసుకు పరిగెత్తింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఇక్కడ పొద్దుటి నుంచీ నా ఫోన్లో అరుస్తున్నదెవరు?" అంది తలుపులమ్మ.

ఆ గొంతు విని తపాలా బల్ల దగ్గరి నుంచి వీరమణి లేచి వచ్చింది. దివాకరం చిరాకుపడ్డాడు. "ఇప్పుడు కాదమ్మా, చాలా ముఖ్యమైన పనిలో ఉన్నాం," అన్నాడు.

"ఇదే! ఈ గొంతే! నువ్వేనా బాబూ?" అంది ఆవిడ. అప్పుడే చేతిలో ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తింది. ఫోన్లోంచి "నమస్కారం. ఇది వరద హెచ్చరిక" అని దివాకరం గొంతు దివాకరానికే వినిపించింది. అదే క్షణంలో గోడ మీద కొల్లాటి పోతురాజు, కొంగలంక అన్న పేరు పక్కన పచ్చదీపం వెలిగింది.

ఫోన్ మళ్ళీ మోగింది, ఆవిడ మళ్ళీ ఎత్తింది. మెరక వెంకాయమ్మ, కొంగలంక. పచ్చదీపం.

దివాకరం నెమ్మదిగా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఆ పట్టికను కళ్ళజోడుతో చూడటం ఆయనకు అదే మొదలు. "మీ నంబరు చెప్పమ్మా," అన్నాడు. ఆవిడ చెప్పింది. ఆ నంబరు ఎన్ని ఇళ్ళకుందో వెతకమన్నాడు. కంప్యూటరు వెతికింది. ఆరువందల పన్నెండు ఇళ్ళు.

"నాకా? నాకున్నది ఒక్క పెంకుటిల్లు బాబూ, అదీ వానొస్తే కారుతుంది!" అంది తలుపులమ్మ. "కొంగలంకలో నా పిల్ల ఉంది. నిండు నెలలు. దానికి చెప్పారా లేదా? అది చెప్పండి ముందు."

దివాకరానికి అంతా అర్థమైంది. ఎన్నాళ్ళుగానో తను మురిసిపోయిన పచ్చదనమంతా గుమ్మడికాయే, అందులో పిట్ట లేదు. ఆరువందల పన్నెండు ఇళ్ళు, ఒక్కింటికీ కబురు చేరలేదు. గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. "ఏం చెయ్యాలి? ఎక్కడని వెతకాలి వాళ్ళను?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వీరమణి సొరుగులోంచి నోటుపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడకు కోపం లేదా అంటే ఉంది, బోలెడుంది. అయినా అది చూపించే వేళ కాదని ఊరుకుంది.

"సార్, ఆ ఆరువందల పన్నెండూ ఖాళీ గళ్ళే అనుకోండి. అవి ఏయే లంకల్లో ఉన్నాయో కాగితం తీయించండి. ఖాళీ ఎక్కడుందో తెలిస్తే పడవ ఎక్కడికి పంపాలో తెలిసినట్టే. ఫోన్ లేని ఇంటికి మనిషి వెళ్ళి చెప్పాలి. నేను ఆ గళ్ళు వదిలింది అందుకే సార్!"

అప్పుడు కదిలింది ఆఫీసు! తొమ్మిది లంకల పేర్లు తేలాయి. రేవులో ఉన్న పదకొండు పడవలూ బయల్దేరాయి. సత్తిపండు ఎవరూ చెప్పకుండానే మెళ్ళో డప్పు వేసుకుని, తను ఎన్నడూ కాలు పెట్టని తాటాకులంకకు మొదటి పడవెక్కాడు. మిగతా ముగ్గురూ తలో వైపు వెళ్ళారు. లోవరాజు అనే సరంగు నడిపే పెద్ద పడవలో దివాకరం, వీరమణి, తలుపులమ్మ కొంగలంకకు బయల్దేరారు. చిల్లుల గరిటె ఇంకా తలుపులమ్మ చేతిలోనే ఉంది.

లంకలో దిగగానే దివాకరం నోటికి చేతులడ్డం పెట్టుకుని "వరదొస్తోంది, రండి!" అని అరిచాడు. ఆ అరుపు గంభీరంగా రాలేదు, కీచుగా వచ్చింది. గేదెలు కూడా తిరిగి చూడలేదు. వీరమణి నోటుపుస్తకం తెరిచింది. "పోతురాజు పగలు ఇంట్లో ఉండడు, అరటితోటలో చూడాలి. చివరింటి వెంకాయమ్మకు వినపడదు, భుజం తట్టి చెప్పాలి. మేకల రాఘవులు అనే పేరున ఇద్దరున్నారు, ఒకరికి చెప్పి ఇద్దరికీ చెప్పామనుకోకూడదు," అని చదువుకుంటూ ముందు నడిచింది. దివాకరం వెనకాల నోరు తెరుచుకుని నడిచాడు. తన కంప్యూటర్లో ఇంటికి పద్నాలుగు గళ్ళు నిండి ఉన్నా ఈ ముక్క ఒక్కటీ లేదు.

పైడమ్మను నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. "బుధవారం కదమ్మా మంచిది?" అంది ఆ పిల్ల మంచం మీది నుంచి. "నోరు ముయ్యవే, ఇవాళే మంచిది!" అని తలుపులమ్మ ఏడుస్తూ నవ్వింది. వెంకాయమ్మతో మాత్రం పెద్ద పేచీ వచ్చింది. ఆవిడ కోడి గంపలో పొదుగుతోంది, కోడిని వదిలి రానంటుంది. చివరికి వరద కబురు అధికారి దివాకరం గారు ఆ గంప నెత్తిన పెట్టుకున్నారు. దారి పొడుగునా కోడి ఆయన బట్టతల మీద పొడుస్తూనే ఉంది. అయినా ఆయన గంప దించలేదు.

నాలుగున్నరకల్లా అందరూ ఒడ్డునున్న బడికి చేరారు. మిగతా లంకల నుంచి కూడా పడవలొచ్చేశాయి. సత్తిపండు డప్పు కొట్టీ కొట్టీ చేతులు బొబ్బలెక్కి వచ్చాడు. వీరమణి కొంగలంక వాళ్ళను ఇంటింటి వారీగా లెక్కపెట్టింది. నూటొక్క కుటుంబాలు తేలాయి.

"పట్టికలో తొంభై నాలుగే కదా! ఏడు ఎక్కువ ఎలా వచ్చాయి?" అన్నాడు దివాకరం.

"నేను వెళ్ళొచ్చాక ఏడు కాపురాలు వేరుపడ్డాయి సార్. కొత్తవి ఎక్కించడానికి మళ్ళీ ఎవరు వెళ్ళారు? పట్టిక అప్పటికే పచ్చగా ఉందాయె," అంది వీరమణి.

ఐదున్నరకు నీరొచ్చింది. ఎర్రటి నీళ్ళు కొంగలంక గట్టెక్కి, అరటితోటలో దూరి, పైడమ్మ ఇంటి గుమ్మం మీదుగా పారాయి. జనం ఒడ్డున నిలబడి చూశారు. కొంతమంది ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకోరా మరి, ఇళ్ళు కదా! కానీ ప్రతి తల్లి పక్కనా తన పిల్లలున్నారు. తలుపులమ్మ బండి బడి దగ్గరకు లాక్కొచ్చి పొయ్యి వెలిగించింది. అంతలో ఫోన్ మోగింది. కంప్యూటరును ఆపడం ఎవరికీ గుర్తే లేదు. "వెంటనే ఒడ్డుకు రండి," అంది దివాకరం గొంతు. మంచం మీద కూర్చున్న పైడమ్మ ఫోన్ లాక్కుని, "వచ్చేశాం బాబూ, గారెలు కూడా తింటున్నాం!" అంది. బడి అంతా గొల్లున నవ్వింది. దివాకరం కూడా నవ్వాడు.

శుక్రవారం వచ్చింది. దివాకరం కళ్ళజోడు పెట్టుకునే లోపలికి వచ్చాడు. నేరుగా వీరమణి ముందుకెళ్ళి చేతులు జోడించాడు. "నువ్వు నిజం రాసి తెస్తే తిట్టాను. అబద్ధానికి శాలువా కప్పాను. నన్ను క్షమించమ్మా," అన్నాడు. వీరమణి నవ్వి, "ఆ తపాలా ముద్ర తిరిగి ఎవరికివ్వమంటారు సార్?" అంది.

సత్తిపండు లేచి శాలువా బల్ల మీద పెట్టాడు. "తప్పు నాదే సార్. కానీ ఒక్క మాట. మీరు ఖాళీ వద్దన్నారు, నిజం కావాలని ఒక్కనాడూ అడగలేదు."

"నిజమే, అడగకపోవడం నా తప్పు. అడగలేదు కదా అని రాయకపోవడం నీ తప్పు. ఇద్దరం కలిసి తొమ్మిది లంకలూ కాలినడకన తిరిగి దిద్దుకొద్దాం, పద," అన్నాడు దివాకరం.

ఆ రోజు గారెలు తెచ్చిన తలుపులమ్మను కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "ఇంత పిండి కలుపుతావు కదా, ఉప్పు సరిపోయిందో లేదో నీకెలా తెలుస్తుంది?" అని అడిగాడు దివాకరం.

"ఇదేం ప్రశ్న బాబూ? వాయికొక గారె తుంచి నోట్లో వేసుకుంటాను. రంగు చూసి ఉప్పు చెప్పగలనా?" అంది తలుపులమ్మ.

దివాకరం ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. ఆ నాటి నుంచి ఆఫీసులో కొత్త పద్ధతి వచ్చింది. వందకు పది ఇళ్ళు ఏరి, ఫోన్ చేసి, లేదా గడప దాకా వెళ్ళి సరిచూసేవారు. దానికి తుంచి చూడటం అనే పేరు నిలిచిపోయింది. ఒకే నంబరు రెండిళ్ళకు కనిపిస్తే ఆగి అడిగేవారు. ఏడాదికోసారి కొత్త కాపురాలు ఎక్కించేవారు. ఖాళీ గడి ఎర్రరంగు మాని పసుపురంగుకు మారింది, అక్కడ "ఫోన్ లేదు, పడవ పంపాలి" అని రాసేవారు. తలుపులమ్మను ఆ బోర్డు తీసెయ్యమని ఎవరో సలహా ఇచ్చారు. "నా బోర్డు నేనెందుకు తీస్తాను? మీవాళ్ళను బోర్డుకు వీపు పెట్టి కూర్చోమనండి!" అంది ఆవిడ.

వరద వచ్చిన తొమ్మిదో రోజున పైడమ్మకు ఆడపిల్ల పుట్టింది. దివాకరం, వీరమణి చూడటానికి వెళ్ళి, పనిలో పనిగా పట్టికలో పిల్లను ఎక్కించారు. తల్లి పేరు రాశారు, పుట్టిన రోజు రాశారు. పిల్ల పేరు గడి దగ్గర దివాకరం చెయ్యి ఆగింది.

"ఇంకా పేరు పెట్టలేదు బాబూ. పోనీ ఏదో ఒకటి రాసెయ్యండి, ఖాళీ చూస్తే మీకు కడుపులో తిప్పుతుందట కదా!" అంది తలుపులమ్మ.

దివాకరం గట్టిగా నవ్వాడు. "తిప్పితే తిప్పనీ. బారసాల అయ్యాక మళ్ళీ వస్తాను," అని ఆ గడిని ఖాళీగా వదిలేసి, పిల్ల బుగ్గ నిమిరి వచ్చాడు.

ఆ ఆదివారం కనకవల్లి పేపరు తీసి చూసి ఆశ్చర్యపోయింది. పదాల గళ్ళలో సగానికి సగం ఖాళీ. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంది.

"బాగానే ఉంది. అవి నాకు తెలియవు. నీకు తెలిస్తే చెప్పు," అన్నాడు దివాకరం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా ఆలోచించారు. ఇంకా నాలుగు గళ్ళు మిగిలే ఉన్నాయి. అయినా ఆ రోజు ఆయన భోజనం కడుపునిండా చేశాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, గుర్తుంచుకోండి: తెలియనిచోట ఖాళీ వదలడం తప్పు కాదు, నిండుగా కనిపించాలని ఏదో ఒకటి రాయడమే తప్పు, ఎంత పెద్ద పట్టికైనా ఎంత నిండిందని కాదు, అందులో ఎంత నిజముందో తుంచి చూసుకున్నాకే నమ్మాలి.